ఊడి వచ్చే తలుపులు

పెద్దమ్మ మా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఒక సంగతి గమనించాను. ఏ గదిలోకి వెళ్ళినా, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు, తలుపు అంచు కింద వేళ్ళు పెట్టి కొంచెం పైకి ఎత్తి చూసేది. తలుపు కదిలేది కాదు. వదిలేసి తన పనిలోకి వెళ్ళిపోయేది. పడగ్గది తలుపు, వంటగది తలుపు, ఆఖరికి బాత్‌రూమ్‌కి పెట్టిన ప్లాస్టిక్ తలుపు కూడా. మనుషులను అడగడం నాకు చేతకాదు. చూడటం, చూసింది డైరీలో రాసుకోవడం వచ్చు. అందుకని ఆ సంగతి చాలా నెలలు డైరీలోనే ఉండిపోయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆమెది గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఒక లంక. ఒకవైపు నది పాయ, ఇంకోవైపు ఉప్పునీళ్ళు, మధ్యలో కొబ్బరితోటలూ కొన్ని ఇళ్ళూ. వంతెన లేదు. మనిషైనా, సిమెంటు బస్తా అయినా పంటు అనే పెద్ద బల్లకట్టు మీదే దాటాలి. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. కుట్టుమిషన్ మీద బతుకుతుంది. ఆ లంకలో ఆమె చేతిలో పడని జాకెట్టు లేదని అమ్మ అంటుంది.

పోయిన వానాకాలం మా అక్క పెళ్ళికని ఆమె పటాన్‌చెరు దగ్గర ఇంద్రేశంలోని మా ఇంటికి వచ్చింది. ఆమె ఇక్కడ ఉండగానే అక్కడ వరద వచ్చింది. నది వైపు గోడ కూలి, పైకప్పు సగం దిగబడిపోయింది. పెళ్ళికి వచ్చిన మనిషి అలా మా దగ్గరే ఉండిపోయింది. అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళ చీరలకు ఫాల్స్ కుట్టేది. ఇక్కడ జాకెట్లు ఎవరూ ఇవ్వరు, బొటిక్‌కే ఇస్తారు. సాయంత్రం మేడ మీద నిలబడి, ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసన మోసుకొచ్చే గాలిని ముఖం చిట్లించి పీల్చేది. "ఇది గాలేంటే, మందుసీసా మూత తీసినట్టుంది" అనేది.

ఆమెకు తన ఇంటికి వెళ్ళిపోవాలని ఉంది. అది మా అందరికీ తెలుసు. అమ్మ మాత్రం కూలిన ఇంటికి ఎలా పంపుతానని పట్టుబట్టింది. చివరకు నాన్న ఒక మాట ఇచ్చాడు. "ఆషాఢం లోపల ఇల్లు గట్టిగా నిలబెట్టి నేనే దింపి వస్తాను వదినగారూ. నచ్చితే ఉండండి, నచ్చకపోతే మాతో వచ్చేయండి."

నాన్నది కూడా గోదావరి జిల్లానే, కానీ మెట్ట ప్రాంతం. నది కనిపించని ఊరు. ఇరవై దాటగానే పటాన్‌చెరు వచ్చి ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. మిల్లీమీటరు తేడా వచ్చినా రాత్రి అన్నం సరిగా తినడు. లంకలో గోడలు అక్కడి తాపీమేస్త్రి లేపుతాడు. తలుపులు, కిటికీలు, పైకప్పు ఫ్రేములు మాత్రం మా దగ్గర్లోని ఇస్నాపూర్‌లో చేయించి పంపుదామన్నాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా జింకు పూత పైపు ఎక్కడ దొరుకుతుందో ఆయనకు తెలుసు. అలా మా ఆదివారాలన్నీ ఇస్నాపూర్ వెల్డింగ్ షాపులోకి మారిపోయాయి. నేను మందుల కంపెనీ ల్యాబులో రికార్డులు రాసే ఉద్యోగం చేస్తాను. లాప్‌టాప్‌లో తలుపుల బొమ్మలు గీసిపెట్టడానికి నాన్న నన్ను కూడా తీసుకెళ్ళేవాడు. సంచిలో ఒక పుస్తకం వేసుకునేదాన్ని గానీ ఆ నిప్పురవ్వలూ చప్పుడూ మధ్య ఒక్క పేజీ కూడా కదిలేది కాదు.

షాపు నడిపేది మెదక్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముస్లిం. నేను చాచా అంటాను. నన్ను చూడగానే నవ్వేవాడు. "ఆయియే ఇంజనీర్ సాబ్! చూడు బేటా, మీ నాయన నన్ను నమ్మడు, టేపునే నమ్ముతడు. నా పెండ్లాం గూడ ఇంత పరేషాన్ చెయ్యదు."

మొదటి తలుపు తయారైన రోజు నాన్న దాని ఫొటో తీసి ఇంట్లో పెద్దమ్మకు చూపించాడు. ఇనుప ఫ్రేము, రెండువైపులా రేకు, తలుపు తిరగడానికి మూడు బందులు. ప్రతి బందు మీదా తలుపు పైకి లేవకుండా అడ్డంగా ఒక చిన్న ఇనుప ముక్క వెల్డింగ్ చేసి ఉంది. పెద్దమ్మ ఫోను దగ్గరకు తెచ్చుకుని, దూరం పెట్టుకుని చూసింది.

"మరిదిగారూ, ఇది ఊడదీయడం ఎలాగండీ?"

నాన్న గర్వంగా నవ్వాడు. "ఊడదండి. ఏనుగొచ్చి తోసినా ఊడదు. అదే కదా దీని గొప్ప."

"ఆయ్. బాగుందండి" అని ఫోను తిరిగి ఇచ్చేసింది. తరవాత ఒడిలో చీర పెట్టుకుని కూర్చుంది కానీ, సూదిలోకి దారం ఎంతసేపటికీ ఎక్కలేదు.

మర్నాడు సాయంత్రం ఇద్దరం మునగాకు దూస్తూ కూర్చున్నాం. అమ్మ పాలకు వెళ్ళింది. ఇన్ని నెలలూ రాసుకున్న ప్రశ్నను ఆరోజు నోటితో అడిగాను.

"పెద్దమ్మా, తలుపులన్నీ గట్ల ఎత్తి ఎందుకు చూస్తవ్?"

"గట్లా పుట్లా!" అని వెక్కిరించి, తరవాత సిగ్గుపడింది. "చూసేసేవేంటే, దొంగపిల్లా? మా అక్కడ ఎత్తితే వచ్చేస్తాయి తలుపులు. చెయ్యి అలవాటు."

"ఎందుకు రావాలె?"

ఆమె ఆకు దూయడం ఆపింది. "గోదారి గట్టు దాటిందని కబురొచ్చిందనుకో. బియ్యం అటకెక్కించడం, గేదెల్ని విప్పడం అన్నీ తరవాత. ముందు తలుపులు తీసేయాలి. వీధిదీ, పెరటిదీ రెండూ. నీళ్ళు ఇలా వచ్చి అలా పోతాయి. నీళ్ళు తగ్గిందాకా ఓపిక పట్టి బురద కడుక్కుంటే సరి. తలుపు వేసుందనుకో, నీళ్ళకి దారి లేక గోడ మీద పడతాయి. మట్టిగోడ ఎంతసేపు ఆపుతుందే?"

"తీసిన తలుపులు కొట్టుకుపోవా?"

"కొట్టుకుపోవడం ఏంటి? రెండు బల్లల మీద అడ్డంగా వేసుకుంటే అదే మంచం, అదే వంటిల్లు. మీ అమ్మ చిన్నప్పుడు వానాకాలం అంతా తలుపు మీదే పడుకుంది. దిగమంటే ఏడ్చేది. అడుగు కావాలంటే."

అమ్మ తలుపు మీద పడుకున్న పిల్ల అని నాకు ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మెత్త పరుపు మీద కూడా నడుము నొప్పి అంటుంది. ఇంకా అడగాలనిపించింది.

"మరి పోయినేడు తలుపులు ఎవరూ తియ్యలేదా?"

పెద్దమ్మ ఒక కాడ తీసుకుని ఒక్కొక్క ఆకే తుంచింది. "లంకలో ఇంటికి తాళం వేయరు. ఊరెళ్ళాలంటే పక్కింట్లో చెప్పి వెళ్తాం. నీళ్ళొస్తే వాళ్ళే తీసేస్తారు. పెళ్ళి పిలుపుకి మీ నాన్నగారు వచ్చినప్పుడు, ఇంటిని అలా గాలికి వదిలేసి వస్తారా వదినగారూ అని కొత్త తాళం తెచ్చి ఇచ్చారు. తలుపు ఎత్తితే వచ్చేస్తోందని చూసి, దొంగలెత్తుకుపోతారని బందుల పైన మేకులు కూడా కొట్టి వెళ్ళారు. పక్కింటాయన పడవ వేసుకుని వచ్చి ఎత్తి చూశాడంట. రాలేదంట."

నేను దూసేసిన ఆకునే మళ్ళీ కెలికాను.

"మీ నాన్నకి చెప్పకే. అన్ని పెళ్ళి పనుల్లోనూ నా ఇల్లు తలుచుకున్నాడు మనిషి."

"మరి ఈ కొత్త తలుపులు పెడితే పోతవా?"

"ఎలా వెళ్తానే? ఒక్కదాన్నీ. ఊడని తలుపున్న ఇంట్లో నాకు శ్రావణంలో కునుకు పడుతుందా? ఇక్కడే ఫాల్స్ కుట్టుకుంటాను." అంతలో గేటు చప్పుడైంది. అమ్మ వచ్చింది. పెద్దమ్మ గబగబా ఆకు దూయడం మొదలుపెట్టింది.

ఆ వారమంతా కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను. తలుపులు ఊడాలన్న మాట నాన్నకు చెప్పాలి. తాళం, మేకుల మాట చెప్పకూడదు. ఒకటి చెప్పి ఒకటి దాచడం ఎలాగో తెలియలేదు. ఇంకో ఆలోచన కూడా మధ్యలో వచ్చి కూర్చునేది. ఇక్కడ మేము ఇంటి గుమ్మం ఎంత ఎత్తు పెట్టాలి, వాన నీళ్ళు లోపలికి రాకుండా ఏం చేయాలి అనే ఆలోచిస్తాం. నీళ్ళు ఎలాగూ వస్తాయి, వెళ్ళడానికి దారి ఇద్దాం అని ఇల్లు కట్టుకునే వాళ్ళు ఎలా ఆలోచిస్తారు? అలాంటి ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ పెట్టుకుంటారు? పుస్తకాలు ఎక్కడ పెట్టుకుంటారు?

ఆదివారం షాపులో రెండో తలుపుకి బందులు పెడుతున్నారు. చాచా అడ్డముక్కను అతికించడానికి వంగాడు. నాన్న టీ తాగుతున్నాడు. నా గొంతు నాకే వినిపించనంత చిన్నగా వచ్చింది.

"చాచా, గా ముక్క పెట్టకుంటే ఏమైతది?"

ఆయన ముఖానికి అడ్డుపెట్టుకున్న నల్లద్దం తీశాడు. "ఏమైతది? ఎత్తితే ఊడొస్తది బేటా. దొంగలకు దావత్ ఇచ్చినట్టే."

"ఊడి రావాల్నట."

"ఎవరికి?" అన్నాడు నాన్న వెనక నుంచి.

చెప్పాను. నీళ్ళు ఇలా వచ్చి అలా పోవడం, తలుపు మంచమవడం, అమ్మ దిగనని ఏడవడం. తాళం వరకూ వచ్చి ఆగిపోయాను. నాన్న ముందు నమ్మలేదు. "నీళ్ళని ఎవరైనా చేతులారా లోపలికి రమ్మంటారా? ఈ మాట ఆవిడ నాతోనే అనొచ్చుగా!" అన్నాడు కోపంగా. కోపంగానే టీ గ్లాసు పక్కన పెట్టి, పడి ఉన్న రేకు ముక్క ఒకటి తీసి నీళ్ళ తొట్టిలో నిలువుగా ముంచి చేత్తో నీళ్ళను తోశాడు. రేకు వంగింది. దాన్ని కొంచెం పక్కకు జరిపి, నీళ్ళకు సందు ఇచ్చి మళ్ళీ తోశాడు. ఈసారి వంగలేదు. షాపులో పనిచేసే బిహార్ అబ్బాయిలు ఇద్దరూ ఆగి చూశారు.

"రెండుపక్కలా నీళ్ళు సమానంగా ఉంటే గోడ మీద వత్తిడే ఉండదు" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ట్యాంకుల్లో మేం చేసేదదే."

"సార్, తొట్టి నీళ్ళన్ని కింద పోసినవ్. ఇగ చేపలు గూడ పెంచుతవా ఈడ?" అన్నాడు చాచా.

మరుసటి ఆదివారం పెద్దమ్మను కూడా షాపుకి తీసుకెళ్ళాం. అడ్డముక్కలు తీసేసిన తలుపు ఒకటి ఫ్రేములో నిలబెట్టి ఉంది. పెద్దమ్మ కొంగు నడుముకి చుట్టి, రెండు చేతులూ కింద పెట్టి ఎత్తింది. తలుపు కదల్లేదు. ఇంకోసారి ఎత్తింది. మెడలో నరాలు కనిపించాయి. తలుపు కొంచెం లేచి మళ్ళీ కూర్చుంది. నాన్న గబుక్కున వెళ్ళి రెండోవైపు పట్టుకోబోయాడు.

"మీరు పట్టుకుంటే ఎలాగండీ మరిదిగారూ? అప్పుడు మీరూ లంకలోనే ఉండాలి."

చాచా పగలబడి నవ్వాడు. "గట్లనే కానియ్యమ్మా. తలుపులతోని సార్‌ని గూడ పార్సల్ జేస్తం. నాకు జెర నిమ్మళం."

పెద్దమ్మ నవ్వలేదు. తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది. ఆమె ముఖం చూస్తే భయమేసింది. ఇక నేను ఇక్కడే ఉంటానులెండి అనబోతోందని అనిపించింది. నాన్న పలచటి రేకు వేద్దామన్నాడు. పలచటిది గాలికే వంగిపోతుందని చాచా ఒప్పుకోలేదు. చెక్కవైతే నానితే ఇంకా బరువెక్కుతాయని పెద్దమ్మే అంది. పెద్దమ్మ అలా అలా షాపులో తిరిగి మూలన గోడకు ఆనించి ఉన్న పొట్టి గేటు దగ్గర ఆగింది. నా నడుము ఎత్తు ఉంటుంది. వంగి చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తేసింది.

"ఇదెవరిదండీ?"

"అది మేకల కొట్టానికమ్మా" అన్నాడు చాచా. "ఇంద్రేశం ఆయనది."

"నాకూ ఇలాంటివే చేసెయ్యండి. ఒకదాని మీద ఒకటి."

నాన్న టేపు తీశాడు. పై సగం, కింది సగం. ఒక్కో సగానికి రెండేసి బందులు. రెండూ కలిపి లోపలి నుంచి ఒకే గడియ. "గడియ తీస్తేనే ఎత్తాలి, వేసుంటే ఎవడూ ఎత్తలేడు" అని నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. అప్పటివరకు దొంగల గురించి గొణుగుతున్న చాచా కూడా పక్కన గొంతుక్కూర్చున్నాడు. పెద్దమ్మ వాళ్ళ వెనకాల నిలబడి, "కింది సగం జెల్దీగా రావాలండోయ్, నీళ్ళు ఎలాగూ పైనుంచి రావు" అంది. జల్దీ అనే మాట ఆమె మా దగ్గరే నేర్చుకుంది.

తొలకరికి ముందే తలుపులు చిన్న లారీలో బయలుదేరాయి. నాన్న, పెద్దమ్మ, నేను రైల్లో వెళ్ళి రేవు దగ్గర వాటిని కలుసుకున్నాం. ఉదయం ఎండలో పంటు మీద కొబ్బరి బస్తాల మధ్య మా తలుపులు ఎర్రటి రంగుతో పడుకుని ఉన్నాయి. అవతలి ఒడ్డున జనం పోగయ్యారు. "పటాన్‌చెరు నుంచి సగం తలుపులే వచ్చాయేంటి? మిగతా సగం మరిది గారు వచ్చే ఏడు తెస్తారా?" అని ఒకామె అడిగింది. పెద్దమ్మ అందరికీ ఒకేసారి జవాబులు చెప్తూ మా ముందు నడిచింది. ఇంద్రేశంలో ఆమె అంత వేగంగా నడవడం నేను చూడలేదు.

కొత్త గోడలు సిమెంటు ఇటుకతో లేచాయి. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మంలోంచి నది కనిపిస్తుంది. ఇంటి నడుమ అడ్డం ఏమీ లేదు. గోడలో మనిషి ఎత్తున వరుసగా మేకులు దిగేసి ఉన్నాయి. ఎందుకని అడిగితే, సంచులు తగిలించుకోవడానికంది పెద్దమ్మ. పుస్తకాలు ఎక్కడ పెట్టుకుంటారో నాకు అప్పుడు అర్థమైంది. పుస్తకం ఉన్న నా సంచిని ఒక మేకుకు తగిలించి చూశాను. బాగానే ఉంది.

మధ్యాహ్నానికి వీధి తలుపు బిగించడం అయింది. పెరటి తలుపు కోసం నాన్న వెనక్కి వెళ్ళాడు. ఎంతకీ సుత్తి చప్పుడు వినిపించకపోతే నేనూ వెళ్ళాను. కూలిన గోడ మట్టి పక్కన, కొబ్బరి మట్టల కింద, పాత వీధి తలుపులు ద్వారబంధంతో సహా పడి ఉన్నాయి. తలుపులకు తాళం వేసే ఉంది. నాన్న పక్కన కూర్చుని బందు పైన తుప్పుపట్టిన మేకు తలను బొటనవేలితో తడుముతున్నాడు.

పక్కింటాయన కంచె అవతలి నుంచి పలకరించాడు. "మీ మేకు భలే గట్టిదండీ బాబూ! పడవలోంచి ముగ్గురం కలిసి ఎత్తాం. కదిలితే ఒట్టు!"

"నువ్వూరుకోవయ్యా" అని పెద్దమ్మ గుమ్మంలోంచి కసిరింది. ఆయనకు ఏమీ అర్థం కాక వెళ్ళిపోయాడు.

నాన్న నా వైపు చూశాడు. "నీకు తెలుసా?"

తలూపాను.

నాన్న పటకారు తీసుకుని మేకులు రెండూ లాగేశాడు. లాగాక వాటితో చేసేదేమీ లేదు. "తిట్టవలసింది వదినగారూ" అన్నాడు తల ఎత్తకుండా.

"తిడితే తలుపులెవరు చేస్తారండీ?" అంది పెద్దమ్మ. "లేవండి, అన్నం చల్లారిపోతుంది."

అన్నం తిన్నాక పెరటి తలుపు కూడా కూర్చుంది. నాన్న దూరంగా వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ గడియ తీసి కింది సగం ఎత్తింది. తరవాత పై సగం, తరవాత వీధి వైపువి. నాలుగు ముక్కలూ గోడకు ఆనించి, నుదుటి చెమట తుడుచుకుని, ఖాళీ అయిన రెండు గుమ్మాల మధ్య కాసేపు నిలబడింది. నది మీది గాలి ఇంట్లోంచి దూసుకుపోయింది. తరవాత ఒక్కొక్కటే మళ్ళీ బిగించుకుంది. ఒక ముక్క బందులో సరిగా కూర్చోలేదు. నాన్న కాలు ముందుకు పడింది కానీ ఆగాడు. ఆమె కాలితో ఒక్క తాపు తన్నింది. కూర్చుంది.

"గోడల రంగు ఇంకా ఆరలేదు. ఇంకో నెల మాతో ఉండి రావచ్చుగా" అన్నాడు నాన్న, చివరిసారి అడిగినట్టు.

"రంగు నన్ను చూస్తే ఆరుతుందేంటండీ?" అంది. అప్పటికే ఒకామె జాకెట్టు ముక్క పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. పెద్దమ్మ ఆమె కొలతలు తీసుకుంటోంది. మాతో రేవు దాకా రాలేదు. "జాగ్రత్తగా వెళ్ళండి" అని లోపలి నుంచే అరిచింది.

పంటు కదిలాక నాన్న రేవు వైపు చూడలేదు. "తిరుగు టికెట్లు మూడు తీశాం కదా, ఆవిడది కొట్టెయ్" అన్నాడు. నది మధ్యకు వచ్చేసరికి ఫోనుకు సిగ్నల్ అందింది. పెద్దమ్మ పేరు ఎంచుకున్నాను. నిజంగా రద్దు చేయాలా అని ఫోను అడిగింది. ఫోను నాన్నకు ఇచ్చాను. ఆయన చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఉన్న నాలుగు మాటలూ మెల్లగా చదివి, తనే నొక్కాడు.